షోకా, షౌకా? చవక స్పోర్ట్స్ కారు ఎందుకు కొంటారు

కూర్చునేది ఇద్దరే. డిక్కీలో రెండు చిన్న బ్యాగులు పెడితే నిండిపోతుంది. సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అమ్మీని అందులో ఎక్కించడం కష్టం, దించడం ఇంకా కష్టం. పండక్కి బంధువుల ఇంటికి వెళ్ళాలంటే రెండు ట్రిప్పులు వేయాలి. అదే డబ్బు పెడితే ఇంటిల్లిపాదీ పట్టే బండి వస్తుంది. లెక్క వేసి చూస్తే ఇది ఏ రకంగానూ కుదిరే బేరం కాదు.

అయినా కొంటున్నారు. జపాన్ కంపెనీ మాజ్దా తయారుచేసే ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు 2016 ఏప్రిల్ నాటికే పది లక్షల మార్కు దాటింది. ఫెరారీ, లంబోర్గినీ కొనేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక పెడతారనుకోవచ్చు. ఈ చిన్న కార్లు కొనేది మాత్రం నెల జీతం మీద బతికేవాళ్ళు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కరెంటు బిల్లు అన్నీ చూసుకుని మరీ కొంటారు. పనికిరాదని తెలిసీ కొంటారు. ఎందుకు?

ఈ ప్రశ్న ఎక్కడో పరాయి దేశానిది కాదు. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు ఇళ్ళలోకి ఫోన్ ద్వారా వచ్చేసింది. అమెరికాలో చదువు ముగించిన కొడుకు తొలి ఉద్యోగం రాగానే ఎర్ర మస్టాంగ్ పక్కన నిలబడి ఫొటో పంపుతాడు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో రెండు డోర్ల కారు బేరం ఆడుతున్నానంటాడు. ఇక్కడ అబ్బా నిప్పులు చెరుగుతారు. "చెల్లెలి పెళ్ళి ముందుంది, నీకిప్పుడు ఆటబొమ్మ కావాలా?" అని. కొడుకు సరిగ్గా జవాబు చెప్పలేడు. ఎందుకంటే జవాబు అతనికీ తెలియదు, బాగుంది అన్నదొక్కటే తెలుసు.

తెలుగులో షోకు అనే మాట ఉంది. ఉర్దూ షౌక్ నుంచి వచ్చిందే. కానీ ఇల్లు మారేసరికి అర్థం కూడా మారింది. తెలుగులో షోకు అంటే నలుగురూ చూడాలని చేసుకునే సింగారం. ఉర్దూలో షౌక్ అంటే ఎవరూ చూడకపోయినా మనిషిని లాగే ఇష్టం. పావురాల షౌక్, పతంగుల షౌక్, కితాబుల షౌక్ అంటాం కదా, అది. చవక స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళలో ఈ రెండు రకాలూ ఉన్నారు. బయటినుంచి చూస్తే ఒకేలా కనిపిస్తారు. కారు కంపెనీలకు మాత్రం ఈ తేడా బాగా తెలుసు. మొదటి రకానికి ఒక కారు, రెండో రకానికి ఇంకో కారు తయారుచేసి రెండింటితోనూ లాభపడ్డాయి.

సైనికులు తీసుకెళ్ళిన బండి

కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో అమెరికా సైనికులు లక్షల సంఖ్యలో అక్కడ దిగారు. వాళ్ళ ఊళ్ళో కార్లంటే పెద్దవి, మెత్తనివి, సోఫా మీద కూర్చున్నట్టుండేవి. ఇంగ్లండ్ పల్లెల్లో మలుపుల రోడ్ల మీద ఎంజీ అనే చిన్న కార్లు చూసి ముచ్చటపడ్డారు. యుద్ధం అయ్యాక 1945లో వచ్చిన ఎంజీ టీసీలో ఉన్నది 1,250 సీసీ ఇంజిన్, 54 హార్స్‌పవర్. అంటే ఇవాళ్టి చిన్న ఆల్టో కంటే గొప్పేమీ కాదు. అయినా అమెరికాలో ఆ కారుకు అభిమానులు తయారయ్యారు. తర్వాత ముప్పై ఏళ్ళపాటు ఎంజీ, ట్రయంఫ్, ఇటలీ నుంచి ఫియట్ ఈ బజారును ఏలాయి. ఒక్క ఎంజీబీ మోడలే 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా తయారైంది.

ఈ బళ్ళతో ఒక్కటే తంటా. నూనె కారేవి, వర్షంలో మొరాయించేవి, కరెంటు వైరింగ్ ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం. వారానికి ఒక రోజు నడిపి, ఆరు రోజులు బాగుచేసుకోవాలని ఆ కారు ఉన్నవాళ్ళే జోకులు వేసుకునేవారు. 1970లలో పొగ నియమాలు, భద్రతా నియమాలు కఠినమయ్యాయి. పాత డిజైన్లకే బరువైన బంపర్లు తగిలించారు, ఇంజిన్ల ఊపిరి తీశారు. 1980లో ఎంజీ వాళ్ళ అబింగ్డన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. అదే ఏడాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా ఆగిపోయింది.

ఇక షోకు కథ. ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్‌ను విడుదల చేసింది. దీని వెనక ఉన్నది లీ అయకోకా, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, వాళ్ళ చేతికి జీతం వస్తోంది, నాన్న నడిపే కారు వాళ్ళకు అక్కర్లేదు అని ఆయన గ్రహించాడు. పాయింటు సరిగ్గా పట్టుకున్నాడు. కొత్త కారు తయారుచేయాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని ఫోర్డ్ అప్పటికే అమ్ముతున్న ఫాల్కన్ అనే మామూలు ఫ్యామిలీ కారు అడుగుభాగాన్నే తీసుకుని, పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ ఉన్న అందమైన ఒళ్ళు తొడిగారు. ధర 2,368 డాలర్ల నుంచి. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి. రెండేళ్ళు తిరక్కుండానే పది లక్షలు అమ్ముడయ్యాయి.

ఆ ధరకు వచ్చే మస్టాంగ్‌లో ఉన్నది ఆరు సిలిండర్ల మామూలు ఇంజిన్. పరుగులో పెద్ద గొప్పేమీ లేదు, మలుపుల్లో అసలే లేదు. అయినా కొన్నవాళ్ళు మోసపోయామనుకోలేదు. వాళ్ళు కొన్నది వేగం కాదు, అద్దంలో తమను తాము వేరే మనిషిలా చూసుకునే అవకాశం. బ్యాంకులో క్లర్కు శుక్రవారం సాయంత్రం ఆ కారు ఎక్కితే క్లర్కు కాదు. దీన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. ఈద్‌కు కుట్టించుకునే షేర్వానీ కూడా చలికి పనికొచ్చేదేమీ కాదు.

గుర్రం, రౌతు

1980ల్లో చవక స్పోర్ట్స్ కారు దాదాపు అంతరించింది. దాన్ని మళ్ళీ బతికించింది ఒక సంభాషణ. 1979లో బాబ్ హాల్ అనే అమెరికా ఆటో జర్నలిస్టు మాజ్దాలో పరిశోధన విభాగం పెద్ద కెనిచి యమమోటోను కలిశాడు. పాత బ్రిటిష్ కార్లలాంటి తేలికైన, సాదా, చవక స్పోర్ట్స్ కారు ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు, మీరు చేయండి అన్నాడు. యమమోటో ఇంజిన్ల మనిషి. ఎవరూ లొంగదీయలేని రోటరీ ఇంజిన్‌ను మాజ్దాలో లొంగదీసిన బృందానికి నాయకుడు. తర్వాత కంపెనీ అధ్యక్షుడయ్యాడు. మాటను పక్కన పడేయలేదు.

నమూనా కారును 1985లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా వీధుల్లో తిప్పి చూశారు. జనం వెంటపడ్డారు. తోషిహికో హిరాయ్ అనే ఇంజినీరు చేతికి ప్రాజెక్టు వచ్చింది. ఆయన పెట్టుకున్న గురి ఒక జపాన్ మాట, జిన్బా ఇత్తాయ్. గుర్రం మీద పరుగెత్తుతూ బాణం వేసే విద్యలో గుర్రం, మనిషి ఒక్కటై కదలడాన్ని అలా అంటారు. రౌతు కొద్దీ గుర్రం అని తెలుగు సామెత ఎలాగూ ఉంది. ఇక్కడ గుర్రమేదో రౌతెవరో తెలియకుండా పోవాలన్నది ఆలోచన.

దానికోసం ఏం చేశారో చూస్తే ఈ రకం కారు ఎందుకు కొంటారో అర్థమవుతుంది. మొదటిది బరువు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన ఆ కారు బరువు వెయ్యి కిలోల లోపే. ఇవాళ హైదరాబాద్ వీధుల్లో తిరిగే కొత్త స్విఫ్ట్ బరువుకు దాదాపు దగ్గర. ఇంజిన్ 1.6 లీటర్లు, సుమారు 116 హార్స్‌పవర్. కాగితం మీద చాలా తక్కువ. కానీ మోయాల్సిన బరువు తక్కువైతే చిన్న ఇంజిన్ కూడా చురుగ్గా కదులుతుంది, బ్రేకు తొందరగా పడుతుంది, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి, పెట్రోలు తక్కువ తాగుతుంది. బరువు తగ్గించడం అన్నిటికీ మందు.

రెండోది బరువు ఎక్కడ ఉంది అన్నది. మామూలు చిన్న కార్లలో ఇంజిన్ ముందుంటుంది, తిరిగే చక్రాలూ ముందువే. పాపం ముందు టైర్లు కారును లాగాలి, తిప్పాలి, ఆపాలి, అన్నీ వాటి మీదే. మాజ్దా వాళ్ళు ఇంజిన్‌ను ముందే పెట్టారు గానీ కొంచెం వెనక్కి జరిపారు, తోసే పని వెనక చక్రాలకు ఇచ్చారు. మనుషులు కూర్చున్నాక ముందు సగం, వెనక సగం బరువు పడేలా చూశారు. బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళను చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బరువు సరిగ్గా మధ్యలో ఉంటే మలుపు తిరిగినా తొణకదు.

మూడోది సమాచారం. ఇది చెప్పడం కష్టం, కూర్చుంటే అర్థమవుతుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతులకు ముందు టైర్లు ఏం చేస్తున్నాయో తెలియాలి. కంకర వస్తే కంకర, తడి వస్తే తడి. గేరు మార్చేటప్పుడు టక్కున పడాలి. నేడు మార్కెట్లో ఉన్న చాలా కార్లు ఈ సమాచారాన్ని డ్రైవర్‌కు అందకుండా దాచిపెడతాయి. అది సౌకర్యం అనే పేరుతో జరిగే పని, చాలామందికి అదే కావాలి కూడా. ట్రాఫిక్‌లో అలసిపోయిన మనిషికి రోడ్డుతో కబుర్లెందుకు?

వీటన్నిటి ఫలితం ఒక్కటి, బయటివాళ్ళు నమ్మనిది. ఈ కారులో ఆనందం నిదానంగా వెళ్తున్నప్పుడు కూడా దొరుకుతుంది. 500 హార్స్‌పవర్ ఉన్న ఖరీదైన కారు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర నిద్రపోతుంటుంది. దానికి మెలకువ వచ్చేసరికి చట్టం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. తేలికైన చిన్న కారు అదే 60 దగ్గర పూర్తిగా మేలుకుని ఉంటుంది. నేలకు దగ్గరగా కూర్చోవడం, గాలి, ఇంజిన్ చప్పుడు అన్నీ కలిసి 60ని 100 అనిపిస్తాయి. కొండ మలుపులో 40 స్పీడులో వెళ్తూ కూడా డ్రైవర్ చేతులకూ కాళ్ళకూ కళ్ళకూ పని దొరుకుతుంది. షౌక్ ఉన్నవాళ్ళు కొనేది ఆ పనిని. కారు తనంతట తాను అన్నీ చేసేస్తుంటే వాళ్ళకు నచ్చదు.

టొయోటా దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. 2012లో సుబారుతో కలిసి తయారుచేసిన జీటీ86 కారుకు ఇంజినీరు తెత్సుయా తాడా కావాలనే మామూలు టైర్లు వేయించారు. పొదుపుకు పేరుపడ్డ ప్రియస్ హైబ్రిడ్‌కు వాడిన రకమే. పట్టు ఎక్కువున్న వెడల్పాటి టైర్లు వేస్తే కారు వేగంగా మలుపు తిరుగుతుంది గానీ, పట్టు తప్పే హద్దు ఎక్కడో దూరంగా ఉంటుంది, అక్కడికి చేరేసరికి ప్రమాదం. టైరు పట్టు తక్కువైతే ఆ హద్దు చిన్న వేగంలోనే తెలుస్తుంది, నేర్చుకోవచ్చు. స్పోర్ట్స్ కారు అని పేరు పెట్టి దాని వేగాన్ని కంపెనీయే కావాలని తగ్గించడం వింతగా ఉంటుంది. కొనేవాళ్ళకు మాత్రం వింతగా అనిపించలేదు.

కొనేవాళ్ళు ఎవరు

ముందుగా గుర్తొచ్చేది కుర్రాళ్ళు. నిజానికి ఎంఎక్స్-5 లాంటి కారు కొనేవాళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళై ఇల్లు ఖాళీ అయిన యాభై, అరవై ఏళ్ళవాళ్ళు చాలామంది. ముప్పై ఏళ్ళు వెనక సీట్లో పిల్లల్ని, డిక్కీలో సామాన్లని మోసిన మనిషికి ఇక వెనక సీటు అక్కర్లేదు. వాళ్ళకు అది రెండో కారు. వారాంతంలో భార్యాభర్తలిద్దరూ బయటికి వెళ్ళడానికి.

ఇంకో రకం చేత్తో పని తెలిసినవాళ్ళు. ఈ కార్లలో కంప్యూటర్లు తక్కువ, బానెట్ తెరిస్తే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. పాతవి చవకగా దొరుకుతాయి, విడిభాగాలు దొరుకుతాయి, ఇంటి ముందే విప్పి బిగించుకోవచ్చు. పాత బ్రిటిష్ కార్ల అందం తీసుకుని, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యే గుణం కలపడం మాజ్దా చేసిన అసలు మాయ. అందుకే ఇవాళ్టికీ పాతికేళ్ళ నాటి కార్లు రోజూ తిరుగుతున్నాయి.

డబ్బు లెక్క కూడా అనుకున్నంత పిచ్చిగా ఏమీ లేదు. అమెరికాలో కొత్త కారు సగటు ధర 45 వేల డాలర్లు దాటిపోయిన రోజుల్లో ఎంఎక్స్-5 ముప్పై వేల డాలర్ల దగ్గర మొదలవుతోంది. అంటే పక్కింటాయన కొన్న పెద్ద ఎస్‌యూవీ కంటే చాలా తక్కువ. ఇష్టపడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు కాబట్టి సెకండ్ హ్యాండ్ ధర కూడా మరీ పడిపోదు. వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పదేళ్ళ పాత కారును చేతిలో ఉన్న డబ్బుతో కొనుక్కోవచ్చు. గల్ఫ్‌లోనైతే ఇస్లామిక్ బ్యాంకులు మురాబహా పద్ధతిలో కారు తామే కొని, లాభం ముందే చెప్పి వాయిదాల మీద అమ్ముతాయి. ఇండియాలో ఇస్లామిక్ బ్యాంకు లేదు కాబట్టి ఆ దారి ఇక్కడ మూసుకుపోయింది.

ఇక్కడ ఎందుకు దొరకదు

అసలు మాజ్దా కంపెనీయే ఇండియాలో కార్లు అమ్మదు. విదేశంలో తయారైన కొత్త కారును తెచ్చుకుంటే సాధారణంగా కస్టమ్స్ సుంకమే 70 శాతం నుంచి మొదలు. దాని మీద జీఎస్టీ, దాని మీద లైఫ్ ట్యాక్స్. 2016లో ఫోర్డ్ ఇక్కడ మస్టాంగ్ జీటీని అమ్మకానికి పెట్టినప్పుడు ఢిల్లీ షోరూమ్ ధర 65 లక్షలు. అదే ఏడాది అమెరికాలో ఆ జీటీ 34 వేల డాలర్ల లోపే మొదలయ్యేది, అప్పటి మారకంలో పాతిక లక్షలు కూడా కాదు. అక్కడ క్లర్కు కారు ఇక్కడికి వచ్చేసరికి బిల్డర్ కారు అయిపోయింది. డల్లాస్ నుంచి ఫొటో వస్తే ఇంట్లో గుండె ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. కొడుకు అక్కడి ధరలో మాట్లాడతాడు, అబ్బా ఇక్కడి ధరలో వింటారు.

ఇక్కడే తయారుచేసే ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. 1990ల చివర శాన్ మోటార్స్ అనే కంపెనీ గోవా నుంచి స్టార్మ్ పేరుతో రెండు సీట్ల ఓపెన్ కారు తెచ్చింది. ఫైబర్ ఒళ్ళు, రెనో వారి 1.2 లీటర్ల ఇంజిన్. ఆలోచన సరిగ్గా బ్రిటిష్ పద్ధతిదే. కానీ దేశంలో ఇంటికి మొదటి కారే ఇంకా రాని రోజులవి. రెండో కారుగా పనికొచ్చే బండిని ఎవరు కొంటారు? పైగా ఎండ, దుమ్ము, గుంతలు. పైకప్పు తీసి మే నెలలో అబిడ్స్ సిగ్నల్ దగ్గర నిలబడటం ఎవరి షౌక్ అయినా తీర్చేస్తుంది.

పన్నుల పద్ధతి కూడా ఇంకో దిక్కుకు తోసింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. అందుకని ఇక్కడ కుర్రాళ్ళ షౌక్ అయిదు డోర్ల చిన్న కార్లలోనే తీరింది. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అలాంటిదే. 2015లో ఫియట్ పది లక్షల లోపు ధరకు 145 హార్స్‌పవర్ ఉన్న అబార్త్ పుంతో ఇచ్చింది గానీ ఎక్కువ కాలం నిలవలేదు. 2021లో హ్యుండయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది. ఇవి అసలు స్పోర్ట్స్ కార్లు కావు. కానీ వెనక సీట్లో అమ్మీ కూర్చుంటుంది, డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది, పొద్దున్నే ఖాళీ రోడ్డు దొరికితే కొడుక్కి కావలసినదీ కొంత దొరుకుతుంది. ఇంట్లో ఒప్పించడానికి ఇంతకంటే మంచి వాదన లేదు.

షోకు అదుపు తప్పితే

షౌక్ ఉన్నవాడికి ప్రేక్షకులు అక్కర్లేదు. షోకు ఉన్నవాడికి కావాలి. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. సైలెన్సర్ మార్చి మహల్లా అంతా వినిపించేలా తిరగడం, రాత్రి ఫ్రెండ్స్‌తో ఔటర్ రింగ్ రోడ్డు మీద పందెం, ఫోన్‌లో రీల్. 158 కిలోమీటర్ల ఔటర్ మీద 2023లో గరిష్ఠ వేగ పరిమితిని 120కి పెంచారు. అది హద్దు మాత్రమే. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం కూడా నాలుగు రెట్లు. 60లో ఆగగలిగిన కారు 120లో ఆగుతుందన్న నమ్మకం చాలా ఇళ్ళలో జనాజా లేపింది.

చట్టం సంగతి తల్లిదండ్రులకూ తెలియాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు కారు నడిపి నేరం చేస్తే, బండి యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ అబ్బాయికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. "తాళం నేనివ్వలేదు, వాడే తీసుకెళ్ళాడు" అంటే దాన్ని నిరూపించుకోవాల్సింది కూడా ఆ పెద్దవాళ్ళే. ఇక కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చి రిజిస్ట్రేషన్‌కు విరుద్ధంగా బండి నడపకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అలా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ తప్పదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు లెక్క ఇంకా గట్టిది. యూఏఈలో పరిమితి కంటే 80 కిలోమీటర్లకు పైగా ఎక్కువ వేగంతో దొరికితే 3,000 దిర్హాములు, 23 బ్లాక్ పాయింట్లు, కారు 60 రోజులు జప్తు. 24 పాయింట్లకు లైసెన్సు పోతుంది కాబట్టి ఒక్క తప్పుతోనే అంచుకు చేరినట్టు. సౌదీలో కారును అడ్డంగా జారించి తిప్పే తఫ్హీత్‌కు మొదటిసారే 20 వేల రియాళ్ళ జరిమానా, కారు 15 రోజులు స్వాధీనం. డ్రైవర్ ఉద్యోగం మీదో సేల్స్ ఉద్యోగం మీదో వెళ్ళినవాడికి లైసెన్సు పోవడమంటే ఇంటికి డబ్బు ఆగిపోవడమే.

అమెరికాలో దెబ్బ ఇంకో రూపంలో తగులుతుంది. పాతికేళ్ళ లోపు కుర్రాడు శక్తిమంతమైన రెండు డోర్ల కారుకు బీమా అడిగితే ప్రీమియం వాయిదా కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. కారు చూడకముందే బీమా కంపెనీకి ఫోన్ చేసి ధర కనుక్కోవడం తెలివైనవాళ్ళు చేసే పని. అదే వయసు కుర్రాడు చిన్న ఇంజిన్ ఎంఎక్స్-5 అడిగితే లెక్క సాధారణంగా అంత భారంగా ఉండదు.

వేగం మీద నిజంగా మనసున్నవాళ్ళకు చోటు లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగినప్పుడు హైదరాబాద్ కుర్రాళ్ళు ఎంతమంది కంచెల దగ్గర వేలాడారో నగరం చూసింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి. అక్కడ హెల్మెట్ ఉంటుంది, అంబులెన్సు ఉంటుంది, ఎదురుగా వచ్చే ఆటో ఉండదు. మామూలు పోలోతో వెళ్ళినా ఒక్కరోజులో నేర్చుకునేది రోడ్డు మీద పదేళ్ళలో రాదు. ఒకటి రెండు సార్లు వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు ఊళ్ళో నెమ్మదిగా నడపడం మొదలుపెట్టడం కూడా జరుగుతుంటుంది. తమకు ఏం రాదో అక్కడ తెలుస్తుంది మరి.

విదేశంలో ఉన్న కొడుకు, తమ్ముడు కొనడానికే నిశ్చయించుకుంటే ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఛాసిస్ నంబరుతో కారు చరిత్ర తీయించాడా? అమెరికాలో ప్రమాదానికి గురై బీమా కంపెనీలు వదిలేసిన మస్టాంగ్‌లాంటి కార్లు షార్జా దాకా వచ్చి, రంగు వేయించుకుని మళ్ళీ అమ్ముడవుతుంటాయి. ధర నమ్మలేనంత తక్కువ ఉంటే అందులోని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో, ఎప్పుడో పేలిపోయాయో చూడాలి. మంచు కురిసే రాష్ట్రాల్లో తిరిగిన పాత ఎంఎక్స్-5 అయితే రోడ్ల మీద చల్లిన ఉప్పు వల్ల డోర్ల కింద అంచులు లోపలినుంచి తుప్పు పట్టి ఉంటాయి, పైన రంగు మాత్రం మెరుస్తుంటుంది. మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళి, కారును పైకెత్తించి, అడుగున టార్చిలైటు వేసి చూశాకే డబ్బు ఇవ్వాలి.